ఆయమ్మ తెచ్చిన కబురు

కట్టమ్మ వరంగల్‌లో ఒక కాన్పుల దవాఖానలో ఆయా. మగపిల్లాడు పుడితే నవ్వుకుంటూ బయటికొచ్చి స్వీట్లు అడుగుతుంది. ఆడపిల్లయితే ఏమీ అడగదు.

ఈరోజూ అలాగే, తల దించుకుని వచ్చి బిడ్డ తండ్రి ఓంప్రకాశ్ ముందు నిలబడింది.

ఆమె నోరు తెరవకముందే అతను గోడవారన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

“ఏడ్వకు కొడుకా. మళ్లసారి మగపిల్లగాడే పుడుతడు,” అంది కట్టమ్మ ఓదార్పుగా.

అతను తలెత్తాడు. “పాపనా? మరి మా ఆమె ఎట్లున్నది?”

“ఇద్దరూ మంచిగున్నరు.”

“నీ మొఖం జూసి మా ఆమె పోయిందనుకున్న అమ్మా.” కళ్లు తుడుచుకుని లేచాడు. “జర ఆగు, స్వీట్లు తెస్త.”

కట్టమ్మ లోపలికి వెళ్లింది. గుడ్డలో చుట్టిన పసిదాన్ని ఎత్తుకుంది గానీ, దాని ముఖం వైపు చూడలేకపోయింది.