పెట్రోలు తాగిన పంపు

"అమ్మేస్తాను! ఈసారి ట్యాంకులో ఒక్క చుక్క తగ్గినా ఈ బండిని ఎవడికో ఒకడికి అంటగట్టి చేతులు దులుపుకుంటాను," అన్నాడు బావ, వర్క్‌షాపులో అడుగుపెడుతూనే.

అతని వెనకాల టోయింగ్ లారీ మీద నుంచి ఎర్రటి స్పోర్ట్స్ కారు దిగుతోంది. రెండే సీట్లు. వయసులో బావకంటే నాలుగేళ్లు పెద్దది, నిగనిగలో మాత్రం బాగా చిన్నది. దాని వెనక భుజాన బ్యాగుతో అక్క.

ఆమె తమ్ముడు, ఆ వర్క్‌షాపు మెకానిక్, చేతిలో పని పక్కన పెట్టి లేచాడు. బజారులో అందరూ అతన్ని పంపుల డాక్టరు అంటారు. ఆ పేరు మొదట పెట్టుకున్నది తానేనన్న సంగతి అందరూ మరిచిపోయారు, అతనూ మరిచిపోయాడు.

"ముందు కూర్చో బావా. ఏమైంది?"

"ఏమవుతుంది? ఆదివారం తెల్లారగట్ల ఒక్క రౌండు వేసి షెడ్డులో పెడతాను. మళ్లీ ఆదివారం కర్ర ముంచి చూస్తే ట్యాంకు సగానికి సగం ఖాళీ! నువ్వు బిగించిన పంపే కారుతోంది. ఎక్కడ నిప్పంటుకుంటుందో అని ఇవాళ అందులో కూర్చోనైనా కూర్చోలేదు. మనుషుల్ని పెట్టి తోయించి, తిన్నగా లారీ ఎక్కించాను."

"నేను బిగించిన పంపు కారడమా!"

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టుంది యవ్వారం. మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజనుకి అతుక్కుని ఉన్న పంపు ఊడదీశాడు. దాని గొట్టం పెట్రోలు డబ్బాలో ముంచి చేత్తో మీట ఆడించాడు. రెండోవైపు నుంచి పెట్రోలు ఠీవిగా చిమ్మింది. ఆ రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టి, పంపు ఒంటికి కాగితం చుట్టాడు. కాగితం తడవలేదు. బావ నమ్మక, తనూ ఒకసారి మీట ఆడించి చూసి చేతులు పాడుచేసుకున్నాడు.

"చూశావా? చుక్క లేదు."

"మరైతే పెట్రోలు ఎవడు తాగుతున్నాడు? ఆ దొంగ గానీ నా చేతికి దొరకాలి..."

అక్క భుజం మీది బ్యాగు సర్దుకుంది.

"తాళం వేసిన షెడ్డులోకి దొంగెలా వస్తాడండీ? పాత పంపు, ఎప్పుడు కారుతుందో ఎప్పుడు కారదో ఎవరికి తెలుసు? మార్చి పారెయ్యరా," అంది తమ్ముడితో.

మెకానిక్‌కి నవ్వొచ్చింది. ఆ కారుని 'నా సవతి' అనే తప్ప ఇంకో పేరుతో పిలవని మనిషి, ఇవాళ సవతి వైద్యానికి తోడొచ్చింది!

పాతది బాగానే ఉన్నా, బావ అనుమానం చావాలంటే కొత్తది పడాల్సిందే. మెకానిక్ బల్ల మీద రెండు పంపులు పెట్టాడు. ఒకటి పాతదానికి కవలపిల్ల, ఇంజను తిరిగితే నడిచేది. రెండోది ఎలక్ట్రిక్‌ది, అరచేతిలో పట్టేంత, వెనక ట్యాంకు పక్కన బిగించేది.

"ఇదే!" బావ కవలపిల్లని అందుకున్నాడు. "వచ్చే నెల పాతకార్ల పోటీ. బానెట్ ఎత్తగానే జడ్జీల కళ్లు వెళ్లేది ఇలాంటివాటి మీదకే. పుట్టినప్పటి సామాను లేకపోతే కప్పు మీద ఆశ వదులుకోవాలి."

"నా ఓటూ దానికే," అన్నాడు మెకానిక్.

"అది ఎండకి తట్టుకుంటుందా?"

ఇద్దరూ అక్క వైపు తిరిగారు.

"అంటే... ఇంజనుకి ఆనుకుని ఉంటుంది కదా. ట్రాఫిక్‌లో ఆగుతూ ఆగుతూ వెళ్తే, ఆ వేడికి లోపల పెట్రోలు ఆవిరైపోయి బండి ఆగిపోతుందట. ఎక్కడో విన్నాను."

"విన్నది అక్షరాలా నిజం అక్కా. ఎలక్ట్రిక్‌దైతే చల్లగా వెనక కూర్చుని తోస్తుంది, ఆ గొడవుండదు. కానీ ఆ గొడవ మిట్టమధ్యాహ్నం ఊరంతా తిరిగే బళ్లకి. నీ సవతి వారానికోసారి చల్లగాలికి షికారు వెళ్లొచ్చే రకం. అది ఎండ మొహం చూస్తేగా!"

బావ పకపకా నవ్వాడు. "సైకిలు ఎక్కడం కూడా రాని మనిషి పంపుల మంచిచెడ్డలు చెబుతోంది, విన్నావా డాక్టరూ!"

అక్క నవ్వలేదు. "ఎలక్ట్రిక్‌దే పెట్టు. పెట్టకపోతే ఇంకెప్పుడూ నన్ను అక్కా అని పిలవకు."

ఒకవైపు అక్క అలక, ఇంకోవైపు బావ కప్పు. ఇంకొకడైతే నీళ్లు నమిలేవాడు. మెకానిక్‌కి మాత్రం చీమకుట్టినట్టయినా లేదు. పంపు విషయంలో అతని మాట ఇంతవరకూ తప్పింది లేదు, ఇవాళా తప్పదు.

"కవలపిల్లే. డాక్టరు మాటకి తిరుగులేదు," అన్నాడు.

బావ మీసం మీద చెయ్యేసుకోబోయి, పెట్రోలు వాసనకి ఆగి, కడుక్కోవడానికి పెరటి కుళాయి దగ్గరికి వెళ్లాడు.

కారుని లోపలికి తోయించాలి. స్టీరింగు పట్టుకుందామని మెకానిక్ తలుపు తీసి సీట్లోకి దూరబోయాడు. దూరలేకపోయాడు. మోకాళ్లు రెండూ ఠపీమని డాష్‌బోర్డుకి కొట్టుకున్నాయి, స్టీరింగు పొట్టలో దిగింది. సీటు ఎంత ముందుకి జరుగుతుందో అంత ముందుకీ జరిపి ఉంది.

బావ తనకంటే జానెడు పొడుగు. ఆ మనిషి ఇందులో పట్టాలంటే కాళ్లు మడిచి నెత్తిన పెట్టుకోవాలి. మెకానిక్ మోకాళ్లు రుద్దుకుంటూ నెమ్మదిగా తల తిప్పాడు. తలుపు పక్కనే నిలబడి ఉంది అక్క. నిలబడితే అతని భుజం దాకా కూడా రాదు.

కుళాయి చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. అక్క ఒకసారి అటు చూసి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వంగింది.

"పెట్రోలు ఇకనుంచి ఎప్పటికప్పుడు నేనే పోయించి పెడతాను గానీ, ఆ పంపు మాత్రం వద్దురా తమ్ముడూ. మొన్న మిట్టమధ్యాహ్నం వంతెన మీద బండి ఆగిపోతే, వెనక బస్సు డ్రైవరు చేత నానా మాటలూ పడ్డాను!"