ఏడుపు రాని దేముడమ్మ

"మంత్రిగారు కారు దిగగానే శోకాలు పెట్టాలి, దేముడమ్మా. నీ ఏడుపుతోనే వితంతువుల పింఛను చట్టం రావాలి!" అన్నాడు, వాల్తేరులో సంఘసేవ పట్టా పుచ్చుకుని రాజాం వచ్చిన నరసింగరావు.

"పీనుగు లేందే నాకు ఏడుపు రాదు బాబూ," అంది దేముడమ్మ. మొగుడు పోయిన దగ్గర్నుంచి చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళి ఏడ్చి బతుకుతున్న మనిషి.

మంత్రి వచ్చాడు. ఆమె కళ్ళు చెమ్మగిల్లలేదు. నరసింగరావే ఇంగ్లీషులో అర్జీ చదివాడు.

"మంచి విషయం. కమిటీ వేస్తాం," అని మంత్రి కారెక్కాడు. నరసింగరావు చప్పట్లు కొట్టాడు.

"నిరుడు గాలివానకి మా కొంపలు కూలితే ఏసినారే, అలాటి కమిటీయేనా బాబూ?"

"అచ్చం అలాంటిదే!"

దేముడమ్మ నేలమీద చతికిలబడి, గుండెలు బాదుకుంటూ రాగం ఎత్తుకుంది.

"ఇప్పుడెందుకమ్మా? కారెళ్ళిపోయింది!"

"ఇప్పుడే గదా బాబూ పీనుగు లేసినాది!"