గేటు దగ్గర గొడుగు

"అక్కా, ఉప్పల్ దాటినం. జరంత సేపట్ల మీ ఇంట్ల ఉంటం" అంది ఫోన్లో దుర్గాభవాని.

చంద్రిక ఫోన్ పక్కన పెట్టి కుర్చీ ఎక్కింది. గోడమీదున్న గిరిప్రసాద్ ఫోటోని గంధపు దండతో సహా దింపి, బీరువాలో చీరల వెనక దాచింది. గోడకి మేకు మిగిలింది. దానికి క్యాలెండర్ తగిలించింది.

వస్తున్నవాళ్లు బ్లాగర్లు. ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఏళ్లుగా స్నేహితులు. వాళ్లకో అలవాటు ఉంది. ప్రతి ఆదివారం ఎవరి ఇంటిమీద ఆకాశం ఎలా ఉందో వాళ్లు తమ బ్లాగులో రాస్తారు. దాని కింద ఇంట్లోవాళ్ల గురించి ఒక చిన్న కబురు చేరుస్తారు. భర్త పోయాక కూడా చంద్రిక ఆ అలవాటు మానలేదు. ఆయన పోయారని మాత్రం రాయలేదు. మొదట్లో చెయ్యి రాలేదు. తరవాత ఆలస్యమైపోయింది. టీలో అల్లం దంచి వేస్తూ ఆయన తీసే కూనిరాగం, చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే రెండు పెన్నులు, సగం నింపి ఆమెకి వదిలేసే గళ్ల నుడికట్టు, ఇలాంటివి వారం వారం రాస్తూనే ఉంది. అన్నీ నిజాలే, ఒక్కటి తప్ప.

ఆయన్ని చూడాలని వాళ్లకి ముచ్చట. చంద్రిక ఎన్ని సాకులు చెప్పినా వినకుండా ఇవాళ బయలుదేరారు. నిజం తెలిస్తే వాళ్లేమీ అనరు, జాలిపడతారు. కానీ ఆయన ఇంకా బతికున్న ఆ ఒక్క చోటూ ఆమెకి లేకుండా పోతుంది.

బీరువా తలుపు వేస్తుండగా ఇంట్లో చీకటి పడింది. బాల్కనీలో ఏదో టప్పుమంది. చూస్తే వడగళ్లు. దూరంగా ఉప్పల్ వైపు మేడలమీద మే నెల ఎండ కాస్తూనే ఉంది. మబ్బు వాళ్ల వీధిమీద ఒక్కచోటే నిలబడింది. గదిలోకి చలి ఎటునుంచి వచ్చిందో, ఆమె ఊపిరి పొగలా కనిపించింది. ఈ వానకి వాళ్లు వెనక్కి పోతారేమో అనుకుంది.

కాలింగ్‌బెల్ మోగింది.

గుమ్మంలో ఇద్దరు. వంటల బ్లాగు రాసే మేడిపల్లి దుర్గాభవాని. కాకినాడ నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డ రిటైర్డ్ గుమాస్తా బుచ్చిబాబు. ఇద్దరి బట్టలమీదా చుక్క తడి లేదు.

"ఏంది అక్కా గీ వింత? ఉప్పల్ల ఎండ మాడుస్తుంది, మీ గల్లీల రాళ్ల వాన" అంటూ దుర్గాభవాని కొంగు కప్పుకుంది.

బుచ్చిబాబు చేతులు రుద్దుకున్నారు. "ఇల్లేంటమ్మా, ఐసు పెట్టెలా ఉంది?"

చంద్రిక వాళ్లని కూర్చోబెట్టి, పొద్దుటినుంచీ మనసులో అప్పజెప్పుకుంటున్న మాట చెప్పేసింది. "ఆయన చుట్టాలని రైలెక్కించడానికి చర్లపల్లి వెళ్లారు. ఇప్పట్లో రారు."

వాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. దుర్గాభవాని నవ్వింది.

"మమ్మల్ని ఆట పట్టిస్తున్నవా? సారు గేటు కాడ్నే ఉన్నడు గదా. నువ్వు బ్లాగుల రాసినట్టే, గొడుగు పట్టుకొని."

ఆటో డ్రైవర్ లోపలికి రానని గేటు దగ్గరే దింపేశాడట. ఒకాయన గొడుగుతో ఎదురొచ్చారట. గొడుగు చిన్నది కావడంతో ఒక్కొక్కరినే మెట్లదాకా తీసుకొచ్చారట. ఆయన భుజం మాత్రం వడగళ్లలోనే ఉందట.

చంద్రిక ఊపిరి పీల్చుకుంది. "మా వాచ్‌మన్ సాంబయ్య అయ్యుంటాడు."

"మెట్లకింద నెత్తిన బకెట్ బోర్లించుకొని ఒకాయన కూసున్నడు. ఆయనేనా సాంబయ్య?"

చంద్రిక గోడమీది క్యాలెండర్ వైపు చూసింది.

"మీరేనా గిరిప్రసాద్‌గారు అని నేనే అడిగానమ్మా" అన్నారు బుచ్చిబాబు. "మా ఆవిడ రాసినంత మంచివాణ్ణి కాదండీ అని నవ్వారు. జేబులో రెండు పెన్నులు చూశాక ఇంకేం అడుగుతాను?"

చంద్రిక లేచి బీరువా తెరిచింది. ఫోటోని దండతోనే తెచ్చి వాళ్ల ముందు బల్లమీద పెట్టింది.

"ఈయనేనా?"

దుర్గాభవాని చెయ్యి నోటిమీదకి పోయింది. బుచ్చిబాబు ఫోటోకేసి చూసి తలూపారు. దండ అప్పుడు కనిపించింది ఆయనకి. ఊపుతున్న తల ఆగిపోయింది.

"పోయిన శ్రావణంలో పాల ప్యాకెట్‌కని వానలో వెళ్లారు" అంది చంద్రిక. "పూర్తిగా తడిసొచ్చారు. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. మీకు చెప్పలేకపోయాను."

బుచ్చిబాబు తన పొడి భుజాన్ని తడుముకున్నారు.

"మెట్ల దగ్గర గొడుగు నా చేతికిచ్చి, పైన గుమ్మం పక్కన ఆరబెట్టమన్నారమ్మా" అన్నారు మెల్లగా. "మరి మీకో అన్నాను. ఇల్లు చేరాక గొడుగెందుకండీ అన్నారు."

చంద్రిక వెళ్లి తలుపు తీసింది. గుమ్మం పక్కన నల్ల గొడుగు గోడకి ఆనించి ఉంది, కింద నీళ్లు మడుగు కట్టాయి. ఊడిన ఒక పుల్ల ఎర్ర దారంతో కుట్టి ఉంది, ఆమె బ్లాగులో రాసినట్టే.

ఆ ఇంట్లో ఎన్నడూ గొడుగు లేదు. ఆమె కల్పించి రాసింది ఆ గొడుగునొక్కదాన్నే.