చోటు చేసే ప్రోగ్రామ్

"ఎక్కట్లేదండీ. డిస్కులో చోటు లేదంటోంది," అన్నాడు రాడోవాన్.

"చోటు లేదనేగా నాయనా నీ ప్రోగ్రామ్ ఎక్కిస్తున్నాం," అంది అతని సీనియర్ బోహుమిల.

చెక్ నగరం బ్ర్నోలోని ఆ ఆఫీసులో లినక్స్ సర్వర్ నిండిపోయి, పొద్దుటినుంచీ ఎవరికీ మెయిల్ రావడం లేదు. పనికిరాని ఫైళ్లను వెతికి తీసేసే ప్రోగ్రామొకటి రాడోవాన్ ముచ్చటపడి రాశాడు.

"ఏ భాషలో రాశావు?"

"పైథాన్‌లోనండీ. సర్వర్లో అది లేదు, ముందు దాన్నెక్కించాలి. ఆపైన దానికి కావాల్సిన లైబ్రరీ ఫైళ్లు బోలెడు."

"సి భాషలో రాస్తే ఒక్క చిన్న ఫైలుతో పోయేది."

"సి అంటే నాకు భయమండీ."

చేసేది లేక ఇద్దరూ చేత్తోనే చోటు చెయ్యడానికి కూర్చున్నారు. ఓ పెద్ద ఫోల్డరు బయటపడింది.

"ఈ ఐస్‌హాకీ వీడియోలన్నీ ఎవరివి?"

రాడోవాన్ గొంతు సవరించుకున్నాడు. "తీసెయ్యండి."

తీసేసిన కాసేపటికే గదిలో ఫోన్లన్నీ టింగుటింగుమన్నాయి. మెయిళ్లు వస్తున్నాయి.

"ఇప్పుడు పడుతుందండీ. ఎక్కించనా?" అన్నాడు ఉత్సాహంగా.

"ఎక్కించు. డిస్కు మళ్లీ నిండుతుంది, నీ ప్రోగ్రాముకీ పని దొరుకుతుంది."

అతని చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

"సిలో ఫైలు సైజు ఎలా తెలుసుకోవాలండీ?"