అడుగు మట్టి

తిరుమల కళ్ళు తేలేశాడు.

నురగ కక్కుతున్న బామ్మర్దిని ఒళ్ళో వేసుకుని నగేష్ గట్టిగా అరిచాడు.

"అంబులెన్స్‌కు ఫోన్ జెయ్యుండ్రి!"

"జేసిన. వస్తున్నది," అన్నాడు లస్మయ్య గోడ పట్టుకుని. పొద్దుటి నుంచి ఆయనకూ వాంతులే.

గల్ఫ్‌లో అల్ ఖోర్ దగ్గరి ఆ లేబర్ క్యాంపులో, ఆ ఒక్క గదిలోనే మనుషులు పడిపోతున్నారు. క్యాంపు డాక్టరు ఎండదెబ్బ అని మాత్రలిచ్చి పంపేశాడు. నగేష్ నమ్మలేదు. ఎవడో ఏదో చేస్తున్నాడు. ఎవడు?

పక్కనే ఉన్న మంచినీళ్ళ డ్రమ్ములో గ్లాసు ముంచి తిరుమల నోటి దగ్గర పెట్టాడు.

మూలమంచం మీంచి ఒక మనిషి ఒక్క దూకు దూకి ఆ గ్లాసును చేత్తో కొట్టేశాడు.

"పానీ మాఫీ! పానీ మాఫీ!"

వాడి పేరు యోనా. పాపువా దీవి కొండల మనిషి. గదికి కొత్త. సైటులో ట్యాంకులు కడిగే పని. ఇక్కడి మాటలు నాలుగు ముక్కలు కూడా రావు; లేదన్నా వద్దన్నా వాడికి 'మాఫీ' ఒక్కటే.

"సచ్చేటోనికి నీళ్ళు గూడ లెవ్వంటున్నడు!" నగేష్ పళ్ళు కొరికాడు.

"నిన్న డ్రమ్ము మొత్తం బోర్లేసిండు," అన్నాడు లస్మయ్య. "వాడు మాత్రం ఆ నీళ్ళు ముట్టడు. వాని సీసా వానిదే."

నగేష్‌కు ఏదో తట్టింది. లేచి యోనా దిండు ఎత్తాడు.

చిన్న చిన్న మూటలు. ఒకటి విప్పితే ఇసుక రాలింది.

"గీ పీలిక నా లుంగీదే!" అన్నాడు లస్మయ్య. "మనం డ్యూటీకి పోతుంటే ఎనకనే వీడు వాకిట్ల వంగి ఇసుక ఎత్తుతుంటే సూసిన. మన అడుగుల మన్ను రా ఇది!"

కాలికింది మన్ను, కట్టుబట్ట పీలిక. చేతబడికి ఆ రెండూ చాలునని వాళ్ళ ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు.

"బాణామతి," అన్నాడు నగేష్.

యోనా మోకాళ్ళ మీద పడ్డాడు. మూటలను చూపించాడు, గుండెను చూపించాడు, పైకి చూపించాడు.

"గాడ్... గాడ్..."

"ఇంక దేవుని పేరు గూడనా!"

చెంప పగిలింది. నగేష్ వాడి కాలరు పట్టి ఈడ్చుకుపోయి, గది వెనక సామాన్ల కంటెయినర్‌లోకి తోసి బయట గడియ పెట్టాడు.

అంబులెన్స్ వచ్చింది. తిరుమలను ఎక్కించారు. లోపలి నుంచి రేకు మీద దెబ్బలు వినిపిస్తున్నాయి.

లస్మయ్య ఒక కాలు అంబులెన్స్ మెట్టు మీద పెట్టి ఆగాడు.

"నడినెత్తిన ఎండ రా. రేకు డబ్బా అది."

"ఉడకనియ్యి కాక. వచ్చినంక వాని సంగతి జూస్త."

ఆసుపత్రిలో లస్మయ్యనూ మంచమెక్కించారు. డాక్టర్ ఫరీదుద్దీన్ సాయంత్రానికి బయటికి వచ్చాడు. హైదరాబాద్ మనిషి.

"బతుకుతాడు. కడుపులోకి కెమికల్ పోయింది. నీళ్ళు దేంట్లో పట్టుకుంటున్నారు?"

"డ్రమ్ముల సార్. నీళ్ళ కూలర్ ఖరాబైతే సైటు నుంచి తెచ్చిన. మంచి మూతున్న డ్రమ్ము. సబ్బు వెట్టి కడిగిన..."

"నువ్వు తెచ్చావా? ట్యాంకులు కడిగే మందు వచ్చే డ్రమ్ము అది. ఎంత కడిగినా పోదు. ఆ పని చేసేవాళ్ళు దాన్ని చూడగానే గుర్తుపడతారు. ఎవరూ చెప్పలేదా?"

చెప్పాడు. తనకు వచ్చిన రెండు మాటల్లోనే యోనా చెప్పాడు.

నగేష్ క్యాంపుకు ఫోన్ చేశాడు.

"కంటెయినర్ గడియ తియ్యుండ్రి! జల్ది!"

"ఇందాకనే తీసినం అన్నా," అంది అవతలి గొంతు. "అప్పటికే వాని పానం వోయింది."

చీకటి పడ్డాక ఒక పెద్దాయన వార్డుకు వచ్చాడు. పేరు ఎలియా. గ్యాస్ ప్లాంటులో ఫిట్టర్. యోనా ఊరివాడే. క్యాంపుకు పోయి యోనా సామాను తీసుకుని, అతనితో ఉన్నవాళ్ళను ఒకసారి చూసిపోదామని వచ్చాడు. చేతి సంచిలో ఆ మూటలున్నాయి.

"ఇవి మీవే," అన్నాడు హిందీలో. "యోనా ఉంటే తనే విప్పేవాడు."

ఎవరూ చెయ్యి చాపలేదు.

"మా వాళ్ళు కొద్దిమందే. పూర్వం పగవాణ్ణి చంపాలంటే అతని అడుగు మట్టి ఎత్తి మంత్రం పెట్టేవాళ్ళు. సువార్త వచ్చాక మా తాతలు మట్టి ఎత్తడం మానలేదు, మంత్రం మానేశారు. ఇప్పుడు ప్రమాదపు దారిన పోయేవాళ్ళ అడుగు మట్టి మూటగట్టి, తలకింద పెట్టుకుని ప్రార్థన చేస్తాం. మనిషి క్షేమంగా ఇల్లు చేరాకే విప్పుతాం. ఏ మూట ఎవరిదో తెలియడానికి వాళ్ళ బట్ట పీలికతోనే కడతాం."

లస్మయ్య మంచం మీద కళ్ళు మూసుకున్నాడు.

"శుక్రవారం కదా, చర్చిలో ఉన్నాను. ఫోను ఆపేశాను." అన్నాడు ఎలియా. "నేను ఎత్తకపోయేసరికి ఆ కంటెయినర్‌లోంచి ఇది రికార్డు చేసి పంపాడు."

ఫోను నొక్కాడు.

ఆయాసం. అర్థంకాని భాష. దాని నడుమ తెలిసిన మాటలు. తిరుమల. లస్మయ్య. ఆ తర్వాత నగేష్. మళ్ళీ నగేష్. ఊపిరి అందక గొంతు తెగే దాకా నగేష్, నగేష్.

గడియ పెట్టింది ఎవరో చెప్తున్నాడనుకున్నాడు నగేష్. పేరు చెప్పేశాడు!

"ఏమంటున్నడు?" అన్నాడు లస్మయ్య.

"ఇంకేముంది, ప్రార్థనే. ప్రభువా, ఈ పాదాలను ఇల్లు చేర్చు అంటున్నాడు." ఎలియా కళ్ళు తుడుచుకుని గదంతా చూశాడు. "అందరికంటే ఎక్కువ ఒక్కడి కోసమే అడిగాడు. మావాడికి అంత దగ్గరివాడా? ఎవరు ఈ నగేష్?"



లస్మయ్య మెల్లగా లేచి కూర్చుని, పక్కనే నిలబడ్డవాణ్ణి వేలెత్తి చూపించాడు.

"వీడే నగేష్. డ్రమ్ము తెచ్చినోడు వీడే, గడియ వెట్టినోడు వీడే."