నూట డెబ్బై

"మళ్ళీ నూట డెబ్బయ్యా? ముప్ఫై ఏళ్ళ సర్వీసులో బీపీ చూడడం కూడా రాలేదా సిస్టర్?"

డాక్టరు గొంతుకు వార్డులో అందరి తలలూ ఇటు తిరిగాయి, మంచం మీదున్న మనిషి తలతో సహా. డాక్టరు తయారుచేసిన కృత్రిమ రక్తం ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళలో అతను రెండోవాడు. మొదటతనికీ సిస్టర్ అంతే రాసింది.

"మూడుసార్లు చూశానండి. తలనొప్పి అంటున్నాడు కూడా" అందావిడ నెమ్మదిగా.

"అతనికేం కాలేదు. లోపం మీ చేతిలో ఉంది. బీపీ పట్టీ మార్చి సరిగ్గా చూడండి."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని పట్టీ విప్పింది. ఆ తర్వాత వచ్చిన అయిదుగురికీ నూట ఇరవైకి అటూ ఇటూగానే ఉంది. గట్టిగా చెబితే తప్ప పని జరగదనుకున్నాడు డాక్టరు. ఆ అంకెలు చూసే, ఇంకో నలభై మందికి ఎక్కించడానికి అనుమతి కూడా వచ్చేసింది.

పదో రోజున డాక్టరు ల్యాబులో ఒక పరీక్ష చేస్తున్నాడు. ఎలుక రక్తనాళంలోంచి కోసిన చిన్న ఉంగరం లాంటి ముక్క ఉప్పునీళ్ళలో వేలాడుతోంది. తన కృత్రిమ రక్తం రెండు చుక్కలు పడగానే అది బిగుసుకుపోయింది. ఇంకో ముక్కతో చేశాడు. అదీ అంతే. మామూలు రక్తంలో హిమోగ్లోబిన్ ఎర్రకణాల లోపల బుద్ధిగా కూర్చుంటుంది. కృత్రిమ రక్తంలోలా కణం లేకుండా విడిగా వదిలితే, నాళం గోడను సడలించి ఉంచే వాయువును అది కాస్తా పీల్చేసుకుంటుంది. నాళం బిగుస్తుంది, బీపీ ఎగబాకుతుంది.

అంటే ఆవిడ రాసింది నిజమే.

డాక్టరు ముందు ఫోన్ చేసి ఆ నలభై మందికీ ఎక్కించడం ఆపించాడు. పదిమందిలో తిట్టాడు కాబట్టి పదిమందిలోనే ఒప్పుకోవాలని వార్డుకు నడిచాడు. సిస్టర్ దుప్పట్లు మడత పెడుతోంది.

"తప్పు నాది సిస్టర్. ఆ రోజు మీరు రాసిందే సరైనది. నన్ను క్షమించండి" అన్నాడు, ఆవిడ కళ్ళలోకి చూడలేక.

"అయ్యో, అంత మాటెందుకండీ."

"ఒక్కటే అంతుపట్టట్లేదు. మరి ఆ తర్వాత అయిదుగురికీ మామూలుగా ఎలా వచ్చింది?"

ఆవిడ తల వంచుకుని దుప్పటి అంచు నలిపింది.

"మీరు అరిచినప్పటి నుంచి మిషన్ చూసి రాయట్లేదండి. మీ మొహం చూసి రాస్తున్నాను."