మొగలి చాపలో ఎవరు?

“ఆ చాప విప్పండి,” అన్నాడు జపాన్ సైన్యపు లెఫ్టినెంట్ మొరినాగా.

ముసలి సాకేరి రెండు చేతులూ అడ్డం పెట్టింది. “నా మొగుడయ్యా! నిన్న పొద్దుగూకే వేళ పోయాడు. సముద్రంలో కలిపి రావాలి, దారివ్వు.”

మొరినాగాకు నమ్మకం కుదరలేదు. ఈమధ్యే ఈ లంక పక్కన అమెరికా యుద్ధవిమానం ఒకటి కూలింది. పైలట్ దొరకలేదు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే, నీళ్ల మీద దిగే అమెరికావాళ్ల బానపొట్ట విమానం పగడపు దిబ్బల అవతల చక్కర్లు కొడుతోంది. ఊరికే తిరుగుతుందా? వాడు ఇక్కడే ఉన్నాడు. దొరికితే ఊరంతా తగలబెడతానని మొరినాగా ముందే చెప్పాడు.

సరిగ్గా ఇప్పుడే ఈ ముసలాడికి చావు రావాలా?

పాడె మోస్తున్న ఆరుగురినీ ఎగాదిగా చూశాడు. ఊరి ఆచారం ప్రకారం గుండ్లు గీయించుకుని, నెత్తి నుంచి అరికాళ్ల దాకా సున్నం పూసుకుని, తలలు వంచుకుని ఉన్నారు. కర్మ ముగిసేదాకా ఏడుపే తప్ప మాట ఉండకూడదు.

“వీళ్లెవరు?”

“నా కడుపున పుట్టినవాళ్లే. ఒక్కడికీ తండ్రి పోలిక రాలేదు, అది నా ఖర్మ.”

“ముసలాడు ఇంత పొడుగా?”

“బతికున్నప్పుడూ అందరూ అదే అనేవాళ్లు. గుమ్మం తలకి తగలని రోజు లేదు.”

మొరినాగా కత్తి దూసి చాపకు కట్టిన తాళ్లు కోశాడు.

సాకేరి గొల్లుమంది. అందరూ ఏడుపు అందుకున్నారు, చివరివాడు తప్ప. ఆమె వెళ్లి వాడి వీపు మీద ఛెళ్లున చరిచింది.

“ఏడవరా సన్నాసీ! తండ్రి పోతే ఒక్క చుక్క రాదేం?”

వాడు భోరుమన్నాడు.

చాప తెరుచుకుంది. నెరిసిన గడ్డం, వక్క నమిలి ఎర్రబారిన పళ్లు. నిజంగానే ముసలాడు. మొరినాగా ముక్కు మూసుకున్నాడు. అయినా అనుమానం తీరక ఒడ్డున ఆగిన వాళ్ల పడవ అడుగూ, అందులోని దుంపల బుట్టా వెతికించాడు. ఏమీ దొరకలేదు.

“పోండి!”

పడవ కొండ మొన దాటింది. ఒడ్డు కనుమరుగైంది. సాకేరి మొగుడి గడ్డం సవరించి, అప్పుడు మనసారా ఏడ్చింది. ఒడ్డున ఏడ్చిన ఏడుపు వేరు.

బానపొట్ట విమానం నీళ్లు చిమ్ముకుంటూ వచ్చి పడవ పక్కన ఆగింది. తలుపు దగ్గరున్న సైనికుడు తుపాకీ గురిపెట్టాడు. అతనికీ అనుమానమే. చుట్టూ సున్నపు మనుషులు, మధ్యలో శవం.

“మావాడు... ఆ చాపలోనా?” వచ్చీరాని మాటల్లో అడిగాడు.

“అది నా మొగుడు,” అంది సాకేరి. పాడె మోసినవాళ్ల వైపు తిరిగింది. “దిగండ్రా, సున్నం కడుక్కోండి.”

ఆరుగురూ నీళ్లలోకి దూకి ఒళ్లు రుద్దుకుంటే ఐదుగురు నల్లగా తేలారు, చివరివాడు మాత్రం ఎంత రుద్దుకున్నా తెల్లగానే ఉన్నాడు.